మోచేయి మడిచిన పుణ్యం

చిటికెన వేలు మొద్దుబారని మనుషులను చూస్తే నాకు జాలి. ఐదు వేళ్లుండీ ఐదూ మేలుకునే ఉన్నాయంటే అదీ ఒక బతుకేనా?

నా ఎడమచేతి చిటికెన వేలూ, ఉంగరపు వేల్లో సగమూ హాయిగా నిద్రపోతున్నాయి. రెండో సగం కాపలా. ఎంత సుఖమో! చింతపండు పిసకమని ఎవరూ అడగరు. టంబ్లరు జారిపడినా ఎవరూ తిట్టరు. మొన్న ఒక దోమ ఆ వేలిమీద కూర్చుని కడుపునిండా తాగి వెళ్లింది. నాకు తెలియనే లేదు! ఇంతకు మించిన దానం ఉందా?

ఈ పుణ్యమంతా అల్నార్ అనే నరానిది. పొట్లాల కాగితాలు చూసి అక్షరాలు నేర్చుకున్నదాన్ని, ఆసుపత్రి గోడమీది బొమ్మను వదులుతానా? ఆ నరం మోచేయి వెనక ఎముక పక్కన ఇరుకు దారిలో దూరి చిటికెన వేలికి చేరుతుంది. మోచేయి తలుపుకు తగిలితే జిల్లుమనిపించేది అదే. చేయి మడిచి ఉంచినంతసేపూ అక్కడ సాగి నలుగుతుంది.

నేనెందుకు మడిచానంటారా? ఫోను కోసం! మా మనవరాలు మోహన హోసూరులో ఫ్యాక్టరీ హాస్టల్లో ఉంటోంది. రోజూ సాయంత్రం ఫోను చేస్తుంది. వేలు మొద్దుబారిందని తెలిసి కోడలు విజి నన్ను గుడియాత్తం నుంచి వేలూరు ఆసుపత్రికి లాక్కెళ్లింది. బస్సు కిటికీ మీద మోచేయి ఆనించుకుని దర్జాగా వెళ్లాను. అదీ కూడదట!

"పాట్టీ, ఫోను ఎంతసేపు మాట్లాడతారు?" అంది డాక్టరమ్మ, అరవంలో నన్ను అవ్వా అని పిలుస్తూ.

"కొంచేపే తల్లీ."

విజి అందుకుంది. "మాట్లాడేది కొంచేపే డాక్టరమ్మా. ఆ బిడ్డ పెట్టేసినాక చెవికాడ పెట్టుకోని వాకిట్లో నిలబడేది ఎంతసేపో అడగండి. కూర మాడినా లోపలికి రాదు."

డాక్టరమ్మ పెన్ను ఆపింది. "పెట్టేసినాక ఎందుకు పాట్టీ?"

ఏం ప్రశ్న! మా నేతవాళ్ల ఇళ్లలో, ఊరికి పోయేవాళ్లు సందు తిరిగేదాకా సాగనంపేవాళ్లు వాకిలి వదలరు. ముందే వెనక్కు తిరిగితే పోయినవాళ్లు మళ్లీ రారంటారు. నేను చాలామందిని సాగనంపాను. ఒక్కసారీ ముందే వెనక్కు తిరగలేదు. అయినా కొందరు రాలేదు. అంటే ఇంకాస్త ఎక్కువసేపు నిలబడాలనే కదా అర్థం? ఫోనులో వెళ్లేవాళ్లు ఏ సందు తిరుగుతారో మీలో ఎవరికైనా తెలుసా?

"ఇట్లే మడిస్తే చేతి కండ కరిగిపోతుంది పాట్టీ. తర్వాత ఆపరేషనే" అంది డాక్టరమ్మ. "ఫోను స్పీకర్లో పెట్టండి. మోచేయి గట్టిచోట ఆనించొద్దు. రాత్రి మడత పడకుండా తువాలు చుట్టుకుని పడుకోండి."

ఆపరేషన్ అంటే భయపడి అన్నీ చేశాను. మా మగ్గం మీద నేసిన లుంగీనే మోచేతికి చుట్టుకుని, ఎవరినో కొట్టబోతున్నట్టు చేయి చాచి పడుకున్నాను. పిల్లి మా ఇంటికి రావడం మానేసింది. ఫోను అరచేతిలో పెట్టుకుని, హారతి ఇస్తున్నట్టు చేయి చాచి మాట్లాడాను. వీధంతా మా మాటలు విని ఆనందించింది.

చివరికి వేలికి స్పర్శ వచ్చేసింది. ఎంత నష్టం!

మాట్లాడుతుంటే ఫోను వెచ్చబడుతుంది. పెట్టేశాక చల్లబడుతుంది. ఇన్నాళ్లూ దాన్ని కింద మోసిన వేలికి ఆ సంగతి తెలిసేది కాదు. పిల్ల ఇంకా అక్కడే ఉందనుకుని నిలబడేదాన్ని. ఇప్పుడు చల్లబడటం మొదలవగానే చెప్పేస్తోంది. ఈ వైద్యం ఎవరు అడిగారు?

విజి ఏం చెప్పిందో ఏమో, మోహన కూడా మారిపోయింది.

"అవ్వా, పోయొస్తా."

"పోయిరా నాయనా."

నేను కదలను. తనూ పెట్టేయదు. కాసేపటికి, "అవ్వా, సందు తిరిగేసినా. ఇంక నువ్వు లోపలికి పో" అంటుంది. అప్పుడు పెట్టేస్తుంది.

బుద్ధిగా లోపలికి వెళతాను. చేయి బాగుంది, నరం సుఖంగా ఉంది, కూర మాడటం లేదు. నాకు ఒక్కటే అనుమానం. మా వాకిట్లోంచి సందు మలుపు దాకా వెళ్లాలంటే పక్కింటి నాగలింగం మగ్గం ఆపి పలకరిస్తాడు. కుక్క అడ్డం పడుకుంటుంది. చెప్పు తెగినా తెగుతుంది. ఈ పిల్ల మాత్రం చిటికెలో సందు తిరిగేస్తోంది!

మా వీధి అంత పొట్టిది కాదని గుడియాత్తంలో ఎవరినడిగినా చెబుతారు.