రెండూ ఫెయిల్

ఆ పొద్దున కోడలు వేసుకున్న పథకం చాలా చిన్నది: తాను పనిచేసే మందుల షాపుకు సెలవు పెట్టడం, డ్రైవింగ్ టెస్టులో గట్టెక్కడం, లైసెన్సు చేతికొచ్చాకే ఇంట్లో నోరు విప్పడం. అంతకుముందు రెండు టెస్టులూ పోయిన సంగతి భర్తకు కూడా తెలియనివ్వలేదు. భర్తకు తెలిస్తే అత్తగారికి తెలుస్తుంది. అత్తగారికి తెలిశాక లోకానికి తెలియనిదంటూ ఏమీ మిగలదు. కిందటేడు కోడలు పన్ను పీకించుకుంటే, ఆ పన్నును ఫొటో తీసి చుట్టాల గ్రూపులో పెట్టిన ఘనత ఆవిడది. "అయినవాళ్ళ దగ్గర దాపరికమేంటమ్మా?" అని పైగా నవ్వింది కూడా.

అయినా గుబులు ఎవరితోనో ఒకరితో చెప్పుకోవాలిగా! టెస్టు లైన్లో నిలబడి, స్నేహితుల కోసం ఫోన్లో స్టేటస్ రాసింది: "రెండూ ఫెయిల్. ఈరోజు మళ్ళీ టెస్టు. ఇంట్లో ఎవరికీ తెలీదు. నాకోసం ప్రార్థించండి." చుట్టాల పేర్లన్నిటికీ ఓపిగ్గా టిక్కులు పెట్టింది. తర్వాత 'వీళ్ళకు తప్ప' అన్నచోట నొక్కబోయి, కంగారులో 'వీళ్ళకు మాత్రమే' అన్నచోట నొక్కి, ఫోన్ ఆపేసి కారెక్కింది.

మొదట చూసింది భర్త మేనత్త. వెంటనే అత్తగారికి ఫోన్ కొట్టింది.

"వదినా, మీ కోడలికి రెండూ ఫెయిలయ్యాయట!"

"ఏవి రెండు?"

"మనిషికి రెండేసి ఏముంటాయి? కళ్ళు కనిపిస్తున్నాయి, చెవులు వినిపిస్తున్నాయి. ఇక మిగిలినవి కిడ్నీలే!"

అత్తగారు వెంటనే కోడలికీ, కొడుక్కీ ఫోన్లు కలిపింది. కోడలి ఫోన్ పలకదు. కొడుకేమో "నాతో ఒక్క ముక్కా చెప్పలేదే!" అంటూ ఆఫీసు వదిలేసి ఆసుపత్రుల చుట్టూ తిరగడం మొదలుపెట్టాడు. చిన్నమామగారు "నాది ఒకటి ఇస్తాను" అని గ్రూపులో ప్రకటించాడు. ఎవరినడిగి ఇస్తున్నావని ఆయన భార్య నిలదీసింది. ఆ గొడవా గ్రూపులోనే జరిగింది.

కోడలు పాసై, కూనిరాగం తీస్తూ ఇల్లు చేరేసరికి వాకిట్లో చెప్పుల గుట్ట. ఎవరో చెయ్యి పట్టుకుని సోఫాలో పడుకోబెట్టారు. ఎవరో ఉప్పు వేయని సూప్ తెచ్చారు.

"ఎన్నాళ్ళనుంచి తల్లీ ఇది?" చిన్నమామగారు అడిగాడు.

'తెలిసిపోయింది' అనుకుంది కోడలు. "మూడు నెలల్నుంచి. మొదటిసారి గోడకి గుద్దేశాను."

"కిడ్నీనా?"

"కాదండీ, కారుని!"

గదిలో హడావిడి చల్లబడింది. చిన్నమామగారి ముఖం మాత్రం వెలిగింది. సంగతంతా బయటపడ్డాక మేనత్త మూతి ముడిచింది. "అంటే, మాకు తప్ప లోకానికంతా చెప్పుకోవాలనుకున్నావన్నమాట!" ఒక్కొక్కరే చెప్పులు వెతుక్కుని వెళ్ళిపోయారు.

అత్తగారు వంటింట్లోకి పిలిచి తలుపు వేసింది. "బయటివాళ్ళ దగ్గర ఏడుస్తావు గానీ, మా దగ్గర ఏడవకూడదా? పొద్దుట్నుంచీ నా ప్రాణం నా దగ్గర లేదు, తెలుసా?"

కోడలి కళ్ళు చెమర్చాయి. "మీకు చెప్తే అందరికీ తెలిసిపోతుందని భయం అత్తయ్యా."

అత్తగారు తన ఫోన్ తీసింది. కోడలి చేతికిచ్చింది. "సరే. ఆ 'తప్ప' అనేది ఎక్కడుందో నాకూ చూపించు."

మనిషి మారిందని కోడలు పొంగిపోయింది. పక్కనే కూర్చుని ఒకటికి రెండుసార్లు నేర్పింది.

ఆ సాయంత్రం "మా కోడలు గోడను గుద్ది మరీ లైసెన్సు తెచ్చుకుంది" అంటూ అత్తగారు పెట్టిన స్టేటస్ ఒక్క కోడలికి తప్ప అందరికీ కనిపించింది.