కుట్టుమిషన్ మీద హార్మోనియం

సాయంత్రం భజన లోపు అత్తగారి హార్మోనియాన్ని కుట్టుమిషన్‌కు బిగించేయాలని శ్రీవాణి ఆ శనివారం పొద్దున్నే అనుకుంది. అత్త జానకమ్మ గోపాల్‌పేట భజన మండలిలో ఇరవై రెండేళ్లుగా హార్మోనియం వాయిస్తోంది. కీళ్లవాతంతో ఎడమ చెయ్యి బిగుసుకుపోయి, ఇప్పుడు తిత్తి ఆడించలేకపోతోంది. "ఈ శనివారం నడవకుంటే ఇగ ఫోన్లనే శ్రుతి పెట్టుకుందాం," అని మండలి పెద్ద రాఘవేందర్ తేల్చేశాడు.

శ్రీవాణి మిషన్ తల తీసేసి బల్ల మీద హార్మోనియం పెట్టింది. తిత్తికి నవారు కట్టి, కింద కాలితో తొక్కే పలకకు ముడివేసింది. ఎవరూ చూసి నవ్వకుండా తలుపు గడియ పెట్టింది.

"తొక్కు అత్తమ్మా."

జానకమ్మ తొక్కింది. పాత తిత్తి చిల్లుల్లోంచి గాలి గుర్రుమంది. నాలుగు గురకలు, సన్నటి ఈల, ఆపైన నవారు తెగి నిశ్శబ్దం.

గోడవతల బియ్యం ఏరుతున్న లలితమ్మ చేతులు ఆగిపోయాయి. మనిషి ఆఖరి ఊపిరి ఆమె ఇదివరకు రెండుసార్లు విన్నది. అంతలో శ్రీవాణి చెమటలు కక్కుతూ వచ్చింది.

"పెద్దమ్మా, జర దూది ఉంటే ఇయ్యి. జల్ది."

లలితమ్మ కళ్లొత్తుకుంటూ కట్ట మొత్తం ఇచ్చేసింది. "ధైర్యంగుండు బిడ్డా."

దూదికి ధైర్యమెందుకో శ్రీవాణికి అర్థం కాలేదు. వెళ్లి మళ్లీ గడియ పెట్టుకుంది.

లలితమ్మ రాఘవేందర్‌కు ఫోన్ చేసింది. అతను ఆ కబురు మండలి వాట్సాప్ గ్రూపులో పెట్టాడు. చావింట్లో భజన చేయడం మండలి ఆనవాయితీ కాబట్టి అరగంటలో తాళాలు, డోలక్, బంతిపూల దండ వాకిట్లో దిగాయి. లోపల స్నానం చేయిస్తున్నారనుకుని ఎవరూ తలుపు తట్టలేదు. చేని నుంచి వచ్చిన జానకమ్మ భర్త నర్సింహులు విషయం విని గడప ముందే కూలబడ్డాడు.

"పొద్దుగాల నన్ను తిట్టి పంపె గదరా. మంచిగనే ఉండె."

భజన మొదలైంది. ఫోన్ శ్రుతి ఒక దిక్కు, రాఘవేందర్ గొంతు ఇంకో దిక్కు పోయాయి.

లోపల నవారు మళ్లీ కట్టి, చిల్లుల్లో దూది కూరుతున్న శ్రీవాణి తలెత్తింది. "లలితమ్మ పెద్దమ్మోళ్లింట్ల ఎవరో పోయినట్టుంది. అందుకే ఏడ్సుకుంట ఇచ్చింది."

"గిట్ల పాడితే సచ్చినోళ్లు గూడ లేసొస్తరు," అని జానకమ్మ విసుక్కుంది. ఇక ఆగలేక పలక తొక్కి, సరైన శ్రుతి పట్టింది. హార్మోనియం నిండుగా పలికింది.

బయట డోలక్ ఆగిపోయింది. ఇద్దరు వాకిలి దాటి పరుగెత్తారు. శ్రీవాణి తలుపు తీసి, అక్కడే నిలబడిపోయింది.

"ఎవరు పోయిండ్రు?" అని లోపలి నుంచి జానకమ్మ అడిగింది.

నర్సింహులే చెప్పాడు. "నువ్వే."

రాఘవేందర్ దండను వెనక్కి దాచాడు. శ్రీవాణి తన ఫోన్ తీసి, అతను గ్రూపులో పెట్టింది పైకి చదివింది. "జానకమ్మ లేనిది మండలి లేదు. ఆ చేతికి సాటి చెయ్యి లేదు."

"రాసింది తుడుపకు రాఘవేందర్," అంది జానకమ్మ. "పొద్దుమీకి నేనొస్త. గని ఈ మిషన్ ఎవరు మోస్తరు?"

"మేమే మోస్తం అక్కా. ఎట్లాగూ మొయ్యనీకే నలుగురం వచ్చినం."

ఆ సాయంత్రం భజన బాగా సాగింది. మిగిలిన దూదిని వాపసు తీసుకోవడానికి మాత్రం లలితమ్మ ఒప్పుకోలేదు.