రోగం లేని వార్డు

చెన్నై తొండియార్‌పేటలోని మా వార్డులో ఇకమీదట ఎవరికీ ఏ రోగమూ లేదని కౌన్సిలర్ ఏకాంబరం గారు మూడో తేదీ ఉదయం పదిన్నరకు మైకులో ప్రకటించారు. ఇంకా ఏవైనా రోగాలు మిగిలి ఉంటే పదకొండులోగా ఖాళీ చేయాలన్నారు. టపాకాయలు కాల్చారు. ఆ పొగకు దగ్గు తెరలు వచ్చిన ఇద్దరిని కార్యకర్తలు మర్యాదగా పక్క వార్డుకు తీసుకెళ్ళి, అక్కడ దగ్గించి తీసుకొచ్చారు.

ఈ సంగతులు రాయడానికి నాకు అర్హత ఉంది. వార్డు క్లినిక్‌కు సరిగ్గా ఎదురుగా నాది జెరాక్స్ షాపు. కౌన్సిలర్ గారి ఏ ఘనకార్యమైనా ముందు నా ప్రింటర్‌లోంచే బయటికి వస్తుంది.

అసలు ఇదంతా గిరి వల్ల మొదలైంది. కనకవల్లమ్మ కొడుకు, మంచి వెల్డరు. మనలి ఫ్యాక్టరీల్లో కాంట్రాక్టు పనులు చేసి చేసి చివరికి మస్కట్‌లో ఉద్యోగం సంపాదించాడు. నెలాఖరుకు చేరాలి. సొంతంగా ప్రైవేటు హెల్త్ ఇన్సూరెన్స్ చేయించుకుని, ఆ పాలసీ చేతబట్టుకుని రావాలని కంపెనీ షరతు. ఇన్సూరెన్స్ ఏజెంటు గిరి అడ్రసు చూసి, అది రిస్క్ ఏరియా అనీ, రోగమేమీ లేదని ఎవరైనా పెద్దమనిషి సర్టిఫికెట్ ఇస్తే చూద్దామనీ అన్నాడు. గిరి పెద్దమనిషి కోసం రెండు రోజులు వెతికి, దొరక్క, కౌన్సిలర్ గారి దగ్గరికి వెళ్ళాడు.

"నా వార్డు రిస్కా?" అన్నారు ఏకాంబరం గారు. ఆయన కళ్ళలో నీళ్ళు తిరిగాయి. వెంటనే గిరిని వెంటబెట్టుకుని నా షాపుకు వచ్చారు. "టైప్ కొట్టు పా. గిరికి ఏ రోగమూ లేదు."

కొట్టాను.

"వీడొకడికే ఇస్తే మిగతావాళ్ళు ఏమనుకుంటారు? వార్డులో ఎవురికీ లేదని కొట్టేయ్."

ఒక్కడికి మేలు చేసి ఊరుకునే మనిషి కాదాయన. మర్నాడే మైకు పెట్టించారు.

పేపర్లో ఫోటో పడింది. మా అర్జీలు రెండేళ్ళుగా చదవని కార్పొరేషన్ ఆఫీసువాళ్ళు ఈ వార్తను మాత్రం ఆ పూటే చదివారు. రోగం లేని వార్డుకు క్లినిక్ దండగ అని ఆర్డరు వేశారు. నాలుగో రోజుకల్లా డాక్టర్ చూడామణి గారికి బదిలీ అయింది, రికార్డులన్నీ పాత పేపర్ల కొట్టుకు పోయాయి, తలుపుకు తాళం పడింది. అలవాటు కొద్దీ వచ్చి మెట్ల మీద కూర్చున్న ముసలివాళ్ళను కౌన్సిలర్ గారు స్వయంగా బతిమాలారు. "ఈడ కూచోవద్దు మా, చూసినోళ్ళు రోగులనుకుంటారు."

అంతలో ఇన్సూరెన్స్ కంపెనీ నుంచి మెయిలు వచ్చింది. గిరి నా షాపులోనే ప్రింటు తీసుకున్నాడు. కౌన్సిలర్ గారి సర్టిఫికెట్ అందిందట, చాలా బాగుందట. దానికి జతగా వార్డు క్లినిక్ డాక్టరు సీలుతో ఆరోగ్య రికార్డు పంపాలట. అది లేకపోతే పాలసీ లేదట. ఫ్లైటుకు పన్నెండు రోజులుంది.

"పాలసీ లేకుంటే నా ఉద్యోగం పోతుంది సార్" అన్నాడు గిరి కౌన్సిలర్ గారితో.

"అంతే కదా, క్లినిక్‌నే తెప్పిస్తా పో" అన్నారాయన.

తెప్పించడానికి ఆఫీసుకు వెళ్ళి మధ్యాహ్నానికి తిరిగొచ్చారు. వార్డులో కనీసం ఒక్క రోగి ఉన్నట్టు రుజువు చూపిస్తేనే క్లినిక్ తెరుస్తారట. ఏకాంబరం గారు రెండు రోజులు ఇల్లిల్లూ తిరిగారు. ఎవరూ ఒప్పుకోలేదు. పదేళ్ళుగా ఆయాసపడుతున్న ఆటో డ్రైవరు ధర్మలింగం కూడా, కౌన్సిలర్ గారి మాట పోతుందని, ఊపిరి బిగబట్టి నవ్వుతూ నిలబడ్డాడు. నాయకుడంటే ఇంత గౌరవం నేనింకెక్కడా చూడలేదు.

"అయితే నువ్వే గిరీ" అన్నారు కౌన్సిలర్ గారు. "క్లినిక్ కావాల్సింది నీకే కదా?"

"రోగముందని రాస్తే నాకు పాలసీ ఎట్ల ఇస్తారు సార్?"

"ముందు క్లినిక్ రానీ పా. క్లినిక్కే లేకుంటే, నీకు రోగం లేదని రాసేదానికి ఆడ ఎవురుంటారు?"

నేను టైపు మొదలుపెట్టాను. ముందు షుగరు కొట్టాను. ఒక్క రోగానికైతే మాత్రలతో సరిపెడతారని కౌన్సిలర్ గారు ఉదారంగా బీపీ, ఆస్తమా, కామెర్లు, కిడ్నీలో రాళ్ళు కూడా చేర్పించారు. గుండెజబ్బు దగ్గర గిరి నా చెయ్యి పట్టుకున్నాడు.

"గుండె ఉంటేనే అంబులెన్స్ ఇస్తారు పా" అన్నారాయన.

గుండె కూడా కొట్టాను.

వారంలో క్లినిక్ తెరుచుకుంది. రిబ్బను కత్తిరించారు. గిరిని చక్రాల కుర్చీలో కూర్చోబెట్టి, తొలి రోగిగా శాలువా కప్పి లోపలికి తోశారు. తిరిగొచ్చిన చూడామణి గారు స్టెతస్కోపు పెట్టి చూసి, "ఏమీ లేదే" అన్నారు. కౌన్సిలర్ గారు గిరి రోగాల జాబితాతో వచ్చిన ఆఫీసు ఆర్డరు చూపించారు. ఆమె అందులో ఉన్నది ఉన్నట్టు కొత్త రిజిస్టరు మొదటి పేజీలోకి ఎక్కించి, సీలు వేసి, కాపీ ఇచ్చారు.

"కంపెనీ అడిగింది సీలు. వచ్చేసింది కదా, పంపించెయ్" అన్నారు కౌన్సిలర్ గారు నాతో. స్కాన్ చేసి పంపాను. సీలు చక్కగా పడింది.

అరగంటలో జవాబు వచ్చింది, ఒకే లైను: ఇన్ని రోగాలున్నవారికి పాలసీ ఇవ్వలేం. గిరి దాన్ని ప్రింటు తీయించుకుని, మడిచి జేబులో పెట్టుకున్నాడు. వాడి మొహం చూడలేక, నాకు సిగ్గనిపించి, ప్రింటర్‌లో కాగితాలు సర్దుతూ కూర్చున్నాను.

మర్నాడు అంబులెన్స్ వచ్చింది. కౌన్సిలర్ గారు మైకు పట్టుకుని పచ్చజెండా ఊపుతుండగా కనకవల్లమ్మ జనాన్ని తోసుకుంటూ వచ్చింది.

"నా బిడ్డకి ఏ జబ్బూ లేదు సామీ. లేదని ఒక్క ముక్క రాయించి ఇప్పించండి. ఎల్లుండి ఫ్లైటు."

ఏకాంబరం గారు మైకు ఆఫ్ చేశారు. ఆమె వైపు వంగి, గొంతు తగ్గించి అన్నారు:

"ఆ మాట గట్టిగా అనొద్దు మా. క్లినిక్ మూసేస్తారు."