జేబులో రొట్టెముక్క

ఈ ఏడు ఉపవాసం చీకటి పడేదాకా ఉండి తీరాలని టిర్జా గట్టిగా అనుకుంది. యూదుల పురాతన ఆలయం శత్రువుల చేతిలో కూలిన రోజున ఏటా ఊరంతా పస్తుంటే, ఆమె మాత్రం ప్రతిసారీ మధ్యాహ్నానికే కళ్లు తిరిగి ఏదో ఒకటి నోట్లో వేసుకునేది. ఇంట్లో అక్క ఆమెకు 'ఒంటిపూట భక్తురాలు' అని పేరు పెట్టింది. ఈ వేసవిలో కొండల్లోని ఆడపిల్లల శిబిరంలో చిన్నపిల్లల గదిని చూసుకునే పని దొరికింది. ఇక్కడ ఉపవాసం పూర్తిచేసి, ఆ పేరు చెరిపేసుకుని ఇంటికి వెళ్లాలనుకుంది.

ఉదయం చేయాల్సింది పెద్దగా ఏమీ లేదు. శోకదినం కాబట్టి తోలు చెప్పులు మాని గుడ్డ బూట్లు తొడుక్కోవాలి. ఎవరినీ పలకరించకూడదు. పన్నెండేళ్లు నిండని పిల్లలను ఫలహారానికి పంపి, తను హాల్లో నేల మీద కూర్చుని శోకగీతాలు చదువుకోవాలి.

ఫలహారం దగ్గరే కథ అడ్డం తిరిగింది. గుడ్లు, రొట్టె, జున్ను పెట్టినవి పెట్టినట్టే ఉన్నాయి. పిల్లలు చేతులు కట్టుకుని నేల మీద కూర్చున్నారు.

"తినండే, మీకు ఉపవాసం లేదు," అంది టిర్జా.

"ఉంది," అంది జీసెల్. దానికి తొమ్మిదేళ్లు. గదిలో మిగతా పిల్లలంతా దాని మాటే వింటారు. "గుడి తగలబడిందంటే మాకు ఏడుపు రావట్లేదు. ఆకలేస్తే అదే వస్తుందని రాత్రి నువ్వే అన్నావుగా."

"అది పెద్దవాళ్ల సంగతి."

"అయితే నువ్వు తిను. మేమూ తింటాం."

నర్సు ఎడెల్మన్ గారు వచ్చి పళ్లేలు చూసింది. "మధ్యాహ్నంలోగా వీళ్ల కడుపులో ఏదో ఒకటి పడాలి. లేదంటే ఒక్కొక్కరి అమ్మకీ నేను ఫోన్ చేయాలి. ఆ తర్వాత ఫెల్డైమ్ గారికి నువ్వే సమాధానం చెప్పుకో," అంది. ఫెల్డైమ్ గారు శిబిరం నడిపే ఆవిడ. పిల్లల ఇళ్లకు ఫోన్లు వెళ్లాయంటే ఆవిడకు నిద్ర పట్టదు.

టిర్జా బతిమాలింది, బెదిరించింది. చివరకు ఒక రొట్టెముక్క తుంచి పెదాలకు ఆనించింది. గోడ వైపు తిరిగి, బుగ్గ పొంగించి, దవడలు ఆడిస్తూ ముక్కను లంగా జేబులోకి జార్చింది.

"తిన్నాను. ఇక మీ వంతు."

పిల్లలు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు తప్ప చెయ్యి కదపలేదు. అదే క్షణంలో కిటికీ అవతల హడాస్ నిలబడి ఉంది. పెద్దపిల్లల గదిని చూసుకునే స్నేహితురాలు. నిజంగానే తినేసిందనుకుందేమో, ఆమె టిర్జా వైపు జాలిగా చూసి, తల దించుకుని వెళ్లిపోయింది.

ఆ రోజు ఎవరూ ఎవరినీ పలకరించరు. టిర్జాకు ఆ సంగతి తెలియక కాదు. అయినా వంటావిడ తల తిప్పుకుని వెళ్లగానే ఈవిడకూ తెలిసిపోయిందనుకుంది. ఈత నేర్పే డ్వోరా కూడా పలకరించకుండా దాటిపోయేసరికి వెంటపడి ఆపింది.

"నేను తినలేదు."

"ఏం తినలేదు?"

"రొట్టె."

"ఏ రొట్టె?" అంది డ్వోరా.

అలా ఎదురైన వాళ్లందరికీ టిర్జాయే చెప్పుకుంటూ పోయింది. అప్పటిదాకా తెలియని వాళ్లందరికీ తెలిసింది.

కాసేపటికి ఎడెల్మన్ గారు ఆమె చెయ్యి పట్టుకుని రోగుల గదికి తీసుకెళ్లి మంచం మీద పడుకోబెట్టింది. పక్కన ఆపిల్ రసం గ్లాసు పెట్టింది.

"కళ్లు తిరిగాయని హడాస్ చెప్పింది. ఒంట్లో బాగోనివాళ్లు తినొచ్చు తల్లీ, తప్పులేదు. తాగు."

"నాకు బాగానే ఉందండీ. నేను అసలు తినలేదు. కావాలంటే చూడండి," అని టిర్జా జేబులోంచి నలిగిన ముక్క తీసి చూపించింది.

అప్పుడే లోపలికి వచ్చిన ఫెల్డైమ్ గారు ఆ ముక్కను చూసి నిట్టూర్చింది. "మళ్లీ ఆకలేస్తుందని దాచుకున్నావా? మమ్మల్ని అడిగితే పెట్టమా?"

గ్లాసు చల్లగా, చెమటలు పట్టి, చేతికందే దూరంలోనే ఉంది. తినేసిందని అందరూ ఎలాగూ నమ్మారు. ఇప్పుడు తాగినా కొత్తగా పోయే పరువేమీ లేదు. గ్లాసు అందుకుంది. కాసేపు అలాగే పట్టుకుని, తిరిగి పెట్టేసింది.

తలుపు దగ్గర జీసెల్ నిలబడి చూస్తోంది. దాని వెనకే గదిలోని మిగతా పిల్లలంతా ఉన్నారు.

"తను తినలేదు. జేబులో వేసుకోవడం మేమంతా చూశాం," అంది జీసెల్. తర్వాత కాలి బొటనవేలితో నేల గీస్తూ, "తినేసింది మేం," అంది.

"ఏం తిన్నారే?" అంది నర్సు.

"ఆదివారం మావాళ్లు తెచ్చిన చాక్లెట్లూ చిప్సూ. పెట్టెల్లో ఉన్నాయి. ఉపవాసం ఉందామనే రాత్రి ఒట్టు పెట్టుకున్నాం. లేచేసరికి ఆకలేసింది. చెప్పాలంటే సిగ్గేసింది. తను కూడా తింటే మా సిగ్గు పోతుందనుకున్నాం."

టిర్జాకు నవ్వొచ్చింది. నవ్వకూడని రోజు కాబట్టి దుప్పటి మొహం మీదకు లాక్కుంది.

ఫోన్లు చేయనక్కర్లేదని ఫెల్డైమ్ గారు ఊపిరి పీల్చుకుంది. నర్సు మాత్రం తను పడుకోబెట్టిన మనిషిని లేవనిచ్చే రకం కాదు. మిగతావాళ్లు ఎండలో పిల్లల వెంట తిరుగుతుంటే టిర్జా చల్లటి గదిలో కాళ్లు చాపుకుని, నక్షత్రాలు పొడిచేదాకా సునాయాసంగా ఉపవాసం పూర్తిచేసింది. తర్వాత రొట్టె తిని, అక్కకు ఫోన్ చేసి చెప్పింది. ఎక్కడ పడుకుని పూర్తిచేసిందో చెప్పలేదు.

ఆ రాత్రి కడుపునొప్పి అంటూ ఎడెల్మన్ గారి గుమ్మం ముందు వరస కట్టినవాళ్లలో ఉపవాసం ఉన్నవాళ్లు ఒక్కరూ లేరు.