కొసలు అరగదీసిన గొంతు

ఆ రోజుకి మాస్టారు వేసుకున్న పథకం చిన్నది. పొద్దున స్టూడియోకి వెళ్ళి భార్య గొంతును చక్కబెట్టాలి, సాయంత్రం ఇంట్లో అందరికీ వినిపించాలి. ఆవిడ పోయి ఏడాది. కూతురి ఫోన్లో మిగిలింది ఒకే ఒక్క వాయిస్ మెసేజి. "అమ్మ ప్రతి మాటా వినిపించాలి నాన్నా" అని పిల్ల అడిగింది. మొదటిసారి ఆయనకు అందకపోతే మళ్ళీ అడిగింది. భార్య పోయాక లోకమంతా గొణగడం నేర్చుకుందని ఆయన అభిప్రాయం.

పాటల్లో శబ్దాల హెచ్చుతగ్గులు సరిచేయడమే ఆయన బతుకుతెరువు. కంప్యూటర్ తెర మీద భార్య గొంతు కత్తుల వరుసలా నిలబడింది. ఉన్నన్నాళ్ళూ ఇంతే, పక్క గదిలోని మొగుణ్ణి పక్క ఊళ్ళో ఉన్నట్టు పిలిచేది. ముందు హార్డ్ క్లిప్పింగ్ పెట్టాడు. గీత దాటిన శబ్దాన్ని అది నరికి పారేస్తుంది. గొంతు రేకుడబ్బాలా పగిలింది. అది తీసి సాఫ్ట్ క్లిప్పింగ్ పెట్టాడు. ఇది నరకదు, కొసలను వంచి గుండ్రంగా చేస్తుంది. కత్తులు ఒదిగాయి. పైన చోటు దొరికింది కాబట్టి మొత్తం లెవెల్ పెంచాడు. అలా పెంచితే అడుగున నక్కిన చిన్న చప్పుళ్ళు కూడా పైకొస్తాయి. వాటి కోసం చెవులు రిక్కించాడు. ఏమీ వినిపించలేదు. పని బాగా కుదిరిందనుకున్నాడు.

సాయంత్రం కూతురూ బావమరిదీ హాల్లో కూర్చున్నారు. స్పీకర్లోంచి ఆవిడ మెత్తగా పలికింది: "ఉండవే, మీ నాన్నని పిలవనీ. ఏవండీ, వడ్డించాను, రండి."

బావమరిది ముఖం చిట్లించాడు. "ఎవరీవిడ?"

"మీ అక్క."

"మా అక్క పిలిస్తే కిటికీలు అదరాలి. ఏం చేశావు బావా?"

"కొసలు అరగదీశాను."

"ఉన్నన్నాళ్ళూ అరగదీసింది చాల్లేదా?"

మాస్టారికి ఒళ్ళు మండింది. "కిటికీలే కదా? ఉండు." వెంట తెచ్చిన లాప్‌టాప్‌లో హార్డ్ క్లిప్పింగ్ పెట్టి స్పీకర్ బొత్తాన్ని ఆఖరిదాకా తిప్పాడు. "ఏవండీ!" అన్న కేక చీలుతూ వీధిన పడింది.

పక్కింటాయన పరుగెత్తుకొచ్చి గుమ్మంలో తెల్లబోయాడు. "మాస్టారూ, ఆవిడ... పోయారు కదండీ?"

"పోయింది. గొంతు పోలేదు."

పక్కింటాయన దొరికిన కుర్చీలో కూలబడ్డాడు.

"మెత్తందే పెట్టు నాన్నా" అని కూతురు చేతులతో సైగ కూడా చేసి బతిమాలింది. పెట్టాడు. స్పీకర్ తగ్గించడం మరిచాడు. ఈసారి ఆవిడ పిలుపు వెనక ఫ్రిజ్ హోరు, గరిటె చప్పుడు, ఆ రెంటి మధ్యా ఒక మగగొంతు సణుగుడు వచ్చాయి: "మొదలెట్టింది. దీని నోటికి మూత ఎవడూ కనిపెట్టడు."

అందరూ మాస్టారి వైపు తిరిగారు. తన పనితనాన్ని మెచ్చుకుంటున్నారనుకుని ఆయన హుందాగా తలూపాడు.

"తలూపుతున్నావా?" బావమరిది గర్జించాడు. "అక్కని అంత మాట అనడమే కాక, మాకు వినిపిస్తావా?"

"ఏ మాట?"

బావమరిది స్పీకర్ తీగ పీకబోయాడు. కూతురు అతని చెయ్యి పట్టుకుంది. "ఆగు మామయ్యా. అమ్మ ఇంకా మాట్లాడుతోంది."

అతని చెయ్యి మెల్లగా జారిపోయింది. పక్కింటాయన నేలచూపులు చూశాడు. మాస్టారికి మాత్రం ఉత్త హోరే అందింది.

"ఏమంటోంది?"

కూతురు చెప్పింది.

"మళ్ళీ గొణుగుడు! పైకి చెప్పి చావరేం?"

కూతురు ఆయన దగ్గరికొచ్చి, అచ్చం తల్లిలాగే కేక పెట్టింది. "'మీ నాన్నకి చెవులు పోతున్నాయే' అంది! 'సంగతి పొక్కితే ఎవరూ పనివ్వరు, అందుకే నేనే అరుస్తున్నాను. జనం నన్ను గయ్యాళి అనుకుంటే అనుకోనీ. ఆయనకి చెప్పకు' అంది! ఫోన్లో నాకెప్పుడూ వినిపించలేదు నాన్నా!"

మాస్టారు కూర్చున్నాడు. స్పీకర్ బొత్తాం మీద చెయ్యి వేశాడు, తీసేశాడు.

"ఇంకోసారి చెప్పు" అన్నాడు.

కూతురు మళ్ళీ గొంతెత్తింది. పక్కింటాయన లేచి కిటికీలన్నీ మూసొచ్చాడు.