కంచె లోపల కౌన్సెలింగ్

శనివారం ఉదయం ఏడింటికల్లా పులిహోర డబ్బాలు బండెక్కాలి. ఎనిమిదింటికి ప్రయాణం, తొమ్మిదిన్నరకు థీమ్ పార్కు వాకిట్లో ప్రార్థన, పన్నెండున్నరకు భోజనం, రెండింటికి బైబిలు క్విజ్, నాలుగింటికి తిరుగుముఖం. ఇది విక్టోరియా ఆంటీ కాగితం మీద రాసి ఫ్రిజ్ తలుపుకు అంటించిన కార్యక్రమం. ఆమె ఇంట్లో అద్దెకుంటున్న డేనీ కార్యక్రమం అంతకంటే చిన్నది: గదిలో కూర్చుని థీసిస్ నాలుగో అధ్యాయం ముగించడం. రెండింటిలో ఏది నెగ్గుతుందో తెలియనంత అమాయకుడు కాదు గనుక, అతను ఆరున్నరకే స్నానం చేసి, అధ్యాయం కాగితాలను సంచిలో పెట్టుకుని, పులిహోర డబ్బాలు మోశాడు.

మెల్‌బోర్న్ శివార్లలో, టార్నీట్‌లోని ఆ ఇంటి వెనక గది అతనికి దొరికి నాలుగు నెలలైంది. అంతకు ముందు ఏడాదిన్నరపాటు ఐదుగురితో కలిసి ఒక హాల్లో, ఎవరు డ్యూటీకి వెళితే వాళ్ళ పరుపు మీద పడుకుని చదువుకున్నాడు. ఈ గదికి తలుపు ఉంది, తలుపుకు గడియ ఉంది, కిటికీ పక్కన బల్ల ఉంది. థీసిస్ గడువు ఇంకా మూడు వారాలే ఉంది. గది ఇచ్చిన రోజున ఆంటీ పెట్టిన షరతు ఒక్కటే: "మా ఇంట్లో తాగేవాళ్ళు ఉండకూడదు బాబూ. తెలిసిన రోజున సూట్‌కేస్ సర్దుకోవడమే. నో డిస్కషన్." డేనీకి అది షరతులాగే అనిపించలేదు. ఆ వాసన అతనికి చిన్నప్పటి నుంచీ పడదు.

జూన్ నెల, అక్కడ చలికాలం. మెల్‌బోర్న్ ఆకాశం అంట్లు కడిగిన నీళ్ళ రంగులో ఉంది. గాలి ఎక్కువగా ఉందని పార్కువాళ్ళు పెద్ద చక్రాన్ని ఆపేశారు. గుర్రాల రంగులరాట్నం మాత్రం ఒక్క పిల్లవాడూ లేకుండా, పాటతో సహా, తనకోసం తానే తిరుగుతోంది. తెలుగు క్రైస్తవ సహవాసానికి చెందిన నలభైమందీ రెండు రేకుల షెడ్ల కింద ఒదిగి నిలబడి, ఎంత ఆనందంగా ఉందో ఒకరికొకరు చెప్పుకుంటున్నారు.

ఆ పార్కులో మద్యానికి ఒక మర్యాద ఉంది. కంచె వేసిన ఆవరణలోనే తాగాలి. కంచె నడుము ఎత్తుకు మించకూడదు, బయటివాళ్ళకు లోపలంతా కనబడాలి. లోపలికి వెళ్ళే ప్రతి పెద్దవాడూ, తాగినా తాగకపోయినా, గుర్తింపు కార్డు చూపించి మణికట్టుకు నారింజ రంగు బ్యాండు వేయించుకోవాలి. నలుగురికీ కనబడేచోట తాగితే మనిషి హద్దులో ఉంటాడని ఆ నియమాలు రాసినవాళ్ళ నమ్మకం. సహవాసంలోని మగవాళ్ళకు కూడా ఈ విషయంలో ఒక మర్యాద ఉంది. అది దీనికి సరిగ్గా తలకిందులు: ఆడవాళ్ళ కంటబడనంత వరకూ ఎవరూ తాగనట్టే. ఈ రెండు మర్యాదలూ ఆ రోజు వరకూ ఎదురుపడలేదు.

కంచె లోపల మూడు గ్యాస్ హీటర్లు, పొడి బల్లలు ఉన్నాయి. పదిన్నరకు జల్లు మొదలయ్యాక డేనీ అక్కడికి వెళ్ళాడు. గేటు దగ్గరి అమ్మాయి అతని చేతికి బ్యాండు వేసింది. వేడి చాక్లెట్ ఒకటి తెచ్చుకుని, నేల తేమను కొలిచే పరికరాల కచ్చితత్వం గురించి తను రాసిన పదకొండు పేజీలను గంటన్నరసేపు దిద్దుకున్నాడు. ఆ రోజంతటిలో అతను సుఖపడింది ఆ గంటన్నరే.

భోజనాల దగ్గర పళ్ళెం చాచేసరికి స్వెట్టరు చెయ్యి పైకి జరిగింది.

"మమ్, లుక్!" అంది ఆంటీ కూతురు ఎవా. దానికి తొమ్మిదేళ్ళు, గొంతు మాత్రం పెద్దది. "డేనీస్ గాట్ ద బీర్ బ్యాండ్!"

విక్టోరియా ఆంటీ గరిటె గాలిలో ఆగింది. "ఏంటది డేనీ?"

"హీటర్ ఉందని వెళ్ళానాంటీ. లోపలికెళ్తే అందరికీ వేస్తారు."

"చలి కాచుకోడానికి బార్‌కి వెళ్ళావా?"

"చదువుకోడానికి కూడా ఆంటీ."

నిజం చెప్పడంలో ఉన్న ఇబ్బంది ఏమిటంటే, దాన్ని నమ్మదగినట్టు మలిచే అవకాశం చెప్పేవాడికి ఉండదు. బ్యాండును తెంపబోయాడు. అది తెగే రకం కాదు. అతని పెనుగులాట చూసి వరుసలో వాళ్ళు పళ్ళేలతో సహా ఒక అడుగు వెనక్కి వేశారు.

"ఈ నెలాఖరుకి ఇంకో రూమ్ చూసుకో బాబూ," అంది ఆంటీ మెల్లగా. ఆమె అరిచి ఉంటే డేనీకి అంత భయం వేసేది కాదు.

అప్పుడు బాలశౌరి అంకుల్ ముందుకు వచ్చాడు. భార్య మాట మీద ఆయన మాట్లాడడం సహవాసంలో ఎవరూ చూసి ఉండలేదు. "తొందరపడకే విక్టోరియా. కుర్రాడు. నేను కౌన్సెలింగ్ ఇస్తాను. తప్పు ఎక్కడ జరిగిందో అక్కడే కూర్చోబెట్టి మాట్లాడాలి. సైకాలజీ అది."

డేనీని భుజం పట్టుకుని కంచె లోపలికి నడిపించాడు. తన చేతికి పడిన బ్యాండును కోటు చేతిలోకి తోసేశాడు. ఊరికే కూర్చుంటే బాగుండదని ఒక బీరు తెచ్చుకుని, గ్లాసును డేనీ ముందు పెట్టాడు.

"నాకొద్దు అంకుల్!"

"నీక్కాదురా. నీ ముందుంటే నీదనుకుంటారు. నువ్వు ఎలాగూ దొరికిపోయావుగా." ఆయన ప్రార్థనకన్నట్టు తల వంచి, వంచిన తలతోనే ఒక గుక్క తాగాడు. "చూడు డేనీ, తాగుడనేది మనిషిని ఎట్లా నాశనం చేస్తుందంటే..."

బయటి నుంచి చూసేవాళ్ళకు దృశ్యం వేరు. పెద్దాయన కన్నీళ్ళతో బోధిస్తున్నాడు, కుర్రాడి ముందు గ్లాసు ఖాళీ అవుతోంది. ఆ కన్నీళ్ళు చలిగాలికి వచ్చినవి. పావుగంటకు రెండో గ్లాసు వచ్చేసరికి ఆంటీ తట్టుకోలేక తమ్ముడు మార్క్‌ను పంపింది.

"అక్క చాలా బాధపడుతోంది బావా," అన్నాడు మార్క్ కూర్చుంటూ. "ఒక్కరివల్ల అయ్యే పని కాదంటోంది. నీకింకోటి తేనా?"

"కౌన్సెలింగ్‌లో ఉన్నాం. రెండు తీసుకురా."

మూడో గ్లాసు, నాలుగో గ్లాసు కూడా డేనీ ముందే చేరాయి. వాసనకు అతని ముఖం పాలిపోయింది. నుదుట చెమట పట్టింది. బారు అమ్మాయి తన కర్తవ్యం తెలిసిన మనిషి. నాలుగు గ్లాసులున్న మనిషి ముఖం చూసి, పక్కన వంగి, పేరు చెప్పగలవా అని, ఇవాళ ఏ వారం అని అడిగింది. డేనీ గాభరాలో ఆదివారం అన్నాడు. ఆమె కూజాతో మంచినీళ్ళు తెచ్చిపెట్టి, ఇక అతనికి మద్యం ఇచ్చేది లేదని, బాధ్యత గల పెద్దవాళ్ళు వెంట ఉండి బయటికి తీసుకువెళ్ళాలని మర్యాదగా చెప్పింది. బాధ్యత గల పెద్దవాళ్ళం మేమేనని బాలశౌరి, మార్క్ ఇద్దరూ చేతులెత్తారు.

ఈ కబురు బయటికి పొక్కగానే కృష్ణమూర్తి పాస్టరు గారు క్విజ్ ఆపేసి వచ్చారు. ఆయన అనుమానాలు లేని మనిషి, మంచివారు. అసలు విషయం చెబితే నమ్మేవారేమో గాని, బాలశౌరి, మార్క్ చెరొక పక్కనా డేనీ భుజాలు నొక్కిపట్టి ఉన్నారు.

"బాబూ, ఇవాళ ఎన్ని తాగావు?"

"ఒక్కటి కూడా తాగలేదండీ."

"మొదట అందరూ అదే అంటారు నాన్నా."

"తాగనివాళ్ళు ఏమంటారండీ?"

పాస్టరు గారు ఆలోచించారు. "వాళ్ళూ అదే అంటారనుకో," అని ఒప్పుకున్నారు నిజాయితీగా. "అందుకే ముందు ప్రార్థన చేసుకుందాం."

ప్రార్థన పద్దెనిమిది నిమిషాలు సాగింది. తల మీద చెయ్యి బరువుగా ఉండగా, డేనీ కళ్ళు తెరిచి చూస్తే, గేటు పక్క స్తంభానికి ఒక చిన్న పెట్టె కనిపించింది. బండి నడపబోయేవాళ్ళు ఊది చూసుకోవడానికి పెట్టిన మిషను. అతనికి ప్రాణం లేచి వచ్చింది. మనుషులు నమ్మకపోయినా పరికరం అబద్ధం చెప్పదు. ఆమెన్ అనగానే లేచాడు.

"పాస్టరు గారూ, ఆ మిషన్‌లో ఊదుతాను. ఆంటీని కూడా చూడమనండి. అందులో వచ్చిందే నిజం."

కంచె బయట ఆంటీ, ఎవా, వెనక ముప్పైమంది నిలబడ్డారు. డేనీ ఊపిరంతా కూడదీసి ఊదాడు. అంకెలు తడబడి, నిలిచాయి. సున్నా పాయింట్ సున్నా సున్నా. అతను విజయగర్వంతో వెనక్కి తిరిగాడు.

"స్తోత్రం!" అన్నారు పాస్టరు గారు, చేతులు పైకెత్తి. "నాలుగు గ్లాసులు! ఒక్క ప్రార్థన! రక్తంలో చుక్క లేకుండా పోయింది!"

ముప్పై గొంతులు స్తోత్రం అన్నాయి. ఎవరో పాట ఎత్తుకున్నారు. ప్రార్థనకు ముందు కొలత తీయలేదన్న సంగతి డేనీకి తప్ప ఎవరికీ తట్టలేదు. అది చెప్పడానికి అతను రెండుసార్లు నోరు తెరిచాడు. పాట పెద్దదైంది.

విక్టోరియా ఆంటీ మాత్రం పాడలేదు. "ఏవండీ, మీరూ ఊదండి," అంది. "ఫ్రీవే మీద నడపాల్సింది మీరేగా."

"నాకెందుకే?"

"ఊదండి."

సున్నా పాయింట్ సున్నా ఎనిమిది. బండి నడపడానికి హద్దు సున్నా పాయింట్ సున్నా ఐదు. పాట ఒక్కొక్క గొంతుగా ఆగింది. బాలశౌరి ఆ అంకెను చాలాసేపు చూసి, తల దించుకున్నాడు. "వాడి భారం నా మీద వేసుకున్నానే," అన్నాడు.

"అవునక్కా," అన్నాడు మార్క్, మిషనుకు దూరంగా జరుగుతూ. "బావ చాలా మోశాడు."

పాస్టరు గారు ఆధారవచనం కోసం బైబిలు తెరిచారు. పేజీలు తిప్పుతూనే ఉన్నారు.

బండి దగ్గర డబ్బాలు సర్దుతున్నప్పుడు ఆంటీ తాళంచెవి తెచ్చి డేనీ చేతిలో పెట్టింది. చుట్టూ ఎవరూ లేరు.

"నువ్వు తాగలేదని నాకు తెలుసు."

డేనీ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "థాంక్స్ ఆంటీ. మరి అందరికీ ఒక్క మాట చెప్పరూ?"

"చెప్తే?" అంది ఆమె. "మా ఇంట్లో తాగేవాళ్ళు ఉండకూడదని పాతికేళ్ళుగా అందరికీ చెప్తున్నాను. ఆయన్ని ఎక్కడికి పంపను? ఎవా ఉంది. అందుకని తాగింది నువ్వే. మానేసిందీ నువ్వే. రేపు ఆదివారం చర్చిలో లేచి, దేవుడు మాన్పించాడని సాక్ష్యం చెప్పు. మానేసినవాణ్ణి వెళ్ళగొట్టరు. గది నీదే, థీసిస్ అయ్యేదాకా కాదు, ఎన్నాళ్ళైనా."

"నా పేరాంటీ?"

ఆమె అతని మణికట్టు అందుకుని, కూరగాయల కత్తెరతో బ్యాండు కత్తిరించింది. దాన్ని పారేయకుండా హ్యాండ్‌బ్యాగులో వేసుకుంది.

డేనీ బండి నడిపాడు. వెనక సీట్లో బాలశౌరి నోరు తెరుచుకుని నిద్రపోయాడు. అద్దం మీద వాన తుడిచేకొద్దీ పడుతూనే ఉంది.

ఆదివారం అతను మైకు ముందు నిలబడ్డాడు. తాగుడు గురించి అతనికి తెలిసిందంతా బాపట్లలో వాళ్ళ నాన్నను చూసి తెలుసుకున్నదే. వణికే చేతులు, అమ్మేసిన సైకిలు, పొద్దున్నే పెట్టే ఒట్లు, సాయంత్రానికి పోయే మాట, నలభై ఆరో ఏట ఆస్పత్రి మంచం. 'ఆయన' అన్న ప్రతిచోటా 'నేను' అని చెప్పాడు. మూడో వరుసలో బాలశౌరి వెక్కి వెక్కి ఏడ్చాడు. అంత నిజమైన సాక్ష్యం తన జీవితంలో వినలేదని పాస్టరు గారు అన్నారు. డేనీ ఇంటికి వచ్చి, గదిలోకి వెళ్ళి, గడియ పెట్టుకుని, నాలుగో అధ్యాయం ముగించాడు.

బలహీనతతో పోరాడుతున్న కుర్రవాణ్ణి ఒంటరిగా వదలడం క్రైస్తవ ధర్మం కాదని, నెలనెలా అదే పార్కులో, అదే కంచె లోపల అతనికి కౌన్సెలింగ్ కొనసాగాలని సహవాసంలోని మగవాళ్ళు ఏకగ్రీవంగా తీర్మానించారు.