పొరపాటున తెరుచుకోని తాళం

పాత కంప్యూటర్లకు అదనపు కార్డులు బిగించే శాఖ, ఆ ఏడాది నుంచి పాత కాపురాలకు కూడా బిగించడం మొదలుపెట్టింది. విజయవాడలో ఎవరూ ఆశ్చర్యపోలేదు. ఆ శాఖలోనే పనిచేసే ఫల్గుణరావు ఇంట్లో కార్డు ఆయన భార్య సులోచన ఎడమ చెవి వెనక అమరింది.

కార్డులో కొత్త రిజిస్టర్లు ఉంటాయి. అంటే విలువలు దాచుకునే చిన్న అరలు. వాటికి తాళం తప్పనిసరి. లేకపోతే పాత ప్రోగ్రాం అలవాటు కొద్దీ ఏదో ఒకటి రాసి పాడుచేస్తుంది. అందుకే పాత ప్రోగ్రాం ఎన్నడూ పంపని రెండు విలువల్ని తాళంచెవిగా పెడతారు. రెండూ వెంటవెంటనే అందాలి. మధ్యలో ఇంకేది వచ్చినా తాళం మళ్ళీ పడుతుంది. ఈ నియమం రాసింది ఫల్గుణరావే.

సులోచన చెవి వెనక ఎర్రదీపం వెలుగుతోంది. లోపల ఆమె చెప్పవలసినదేదో ఉందని దానర్థం. ఆదివారం సాయంత్రంలోగా తెరవకపోతే అది చెరిగిపోతుంది. అదేమిటో సులోచనకూ తెలియదు. తాళం ఆమెకూ వర్తిస్తుంది.

ఆ తాళం తయారుచేసింది ఆఫీసులో ఆయన పక్క సీటు మస్తాన్‌వలి.

"కాస్త చెప్పవయ్యా, మనలో మనకేంటి?"

"చెప్తే అది తాళమెట్టా అవుద్ది సార్? కార్డు బిగించే ముందు మీ ఇంట్లో మాటలన్నీ విన్నా. మీ వైపు నుంచి ఎప్పుడూ రానియ్యే పెట్టా."

ఫల్గుణరావు అయోమయంలో పడ్డాడు. తన నుంచి ఎప్పుడూ రానివి తనకెలా తెలుస్తాయి? ఆదివారం భార్యకెదురుగా కూర్చుని "ఖడ్గమృగం" అన్నాడు. "లవణాసురుడు" అన్నాడు. దీపం ఎర్రగానే ఉంది.

"జ్వరమేమన్నా వచ్చిందా ఏందండీ? ఏదీ, నుదురు చూడనీయండి," అంది సులోచన. పాత పనులన్నీ ఆమెలో యథాతథంగా నడుస్తున్నాయి.

చివరికి అలసిపోయి, "నువ్వే చెప్పు. నీకేం కావాలి?" అన్నాడు.

దీపం ఆకుపచ్చగా మారింది. మొదటి విలువ అందిందన్నమాట. సులోచన పెదవులు కదిలాయి, మాట రాలేదు. ఫల్గుణరావు గడియారం చూసుకున్నాడు.

"తొందరగా చెప్పు, అవతల పనుంది."

దీపం ఎర్రబడింది. సాయంత్రానికి ఆరిపోయింది. సులోచన వంటింటి గుమ్మంలో నిలబడి, "ఏదో మర్చిపోయినట్టుందండీ," అంది.

"గ్యాస్ కట్టేశావా?" అన్నాడాయన.

మర్నాడు ఆఫీసులో, "మొదటిది దొరికింది. రెండోదేంటయ్యా?" అని అడిగాడు.

"సున్నా సార్. ఆవిడ మాట్లాడేదాకా మీరు ఊరుకోవాల."

"అదీ ఒక విలువేనా?"

"ఎప్పుడూ రానిదే పెట్టాలన్న రూల్ మీరు రాసిందే కద సార్. పరీక్ష కోసం ముందు మా ఇంట్లోనే పెట్టా. ఇంతవరకూ తెరుచుకోలా."

డిజైన్‌లో లోపం లేదని ఫల్గుణరావు సంతకం చేశాడు. ఇంటింటికీ వేరే తాళంచెవి అనవసరమని శాఖ తేల్చింది. ఊరంతటికీ అదే పెట్టారు. ఫిర్యాదులేమీ రాలేదు.